వెలుగు కింద ఈదేవి

నమోదు 1. మఘ కార్తె, ముసురు

ఇవాళ కూడా ప్లేట్లన్నీ వెలిగాయి.

ఇంక్యుబేటర్ తలుపు తీసేసరికి నా చేతులు నీలంగా మారాయి. సూక్ష్మజీవుల్ని పెంచడానికి బొగ్గుపొడి కలిపి గడ్డకట్టించిన నల్లటి అగార్ మీద ఆ వెలుగు పాల మీద మీగడలా పల్చగా పరుచుకుని, తెప్ప ఊగినప్పుడల్లా తనూ ఊగుతున్నట్టుంది. తెప్పల మీద తేలే మా లంగరుపేటలో ఇది మంచి కబురు. కోడిని కోసి కడిగిన నీళ్లు కొన్ని చుక్కలు ప్లేటు మీద వేస్తాం. ప్లేటు వెలిగితే మాంసం మంచిదని నేను రాసిస్తాను. వెలుగుజీవి, ఈ వెలిగే సూక్ష్మజీవి, ఉన్నచోట రోగం ఉండదని బడిలో నేర్చుకున్నాం, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాం. మా మురుగునీటిని తాగునీరు చేసేది అదే. కూజాలో అదే, తొట్టెలో అదే, పొద్దు వాలాక తెప్పల సందుల్లో మినుకుమినుకుమనేదీ అదే.

"మంచిది" అని రాయబోయి కలం ఆపాను.

మా ఆయన విశ్వపతి లంగరు తాళ్లు చూసే మనిషి. ఆ మధ్య విరేచనాలు పట్టుకుని, తగ్గిపోయాయి. తగ్గిన తర్వాత ఇప్పుడు అరికాళ్లు మొద్దుబారాయంటున్నారు. పొద్దున్న మంచం దిగబోయి, కింద నేలే లేనట్టు కూలబడ్డారు. "తెప్ప నాకు చెప్పకుండా పక్కకి జరిగింది" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తూర్పు వరసలోనూ ఇలాగే కొందరికి కాళ్లు పడిపోయాయట. వాళ్లందరికీ ముందు కడుపే చెడింది. అందరూ వెలుగు కూర తిన్నవాళ్లే.

అయితే ఈ ఊళ్లో వెలుగు కూర తిననిదెవరు? నేనూ తిన్నాను.

నమోదు 2. మఘ కార్తె చివర, ఎండ

పక్క తెప్ప నూకరత్నం కోడిని కోస్తుంటే సీసాలు పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. ఆమె ముక్కల్ని వెలుగుజీవి తొట్టెలో ముంచి, అవి లోపల్నుంచి వెలుగుతున్నట్టు కనిపించేదాకా ఉంచి తీసింది. నిమ్మరసం, ఉప్పు, దంచిన పచ్చిమిరపకాయ పట్టించి మూత పెట్టింది. అంతే, వెలుగు కూర అయిపోయింది. పడమటి వరస తెప్పలు తగలబడినప్పటినుంచీ మా ఊళ్లో పొయ్యి అన్నది లేదు. పరీక్షల కోసం నేను కొవ్వొత్తి వెలిగించుకోవచ్చు. మరెవరూ నిప్పు ముట్టించకూడదు.

"ఏంటొదినా, ముక్క వంక అలా చూత్తన్నావు? మా కోడికి సంబంధం చూత్తన్నావా?" అంది నూకరత్నం.

"కడిగిన నీళ్లు కావాలి. తొట్టెలో ముంచక ముందువి, ముంచాకవి కూడా."

"ముంచక ముందువి ఎందుకు? అవి వెలగవు కదా."

"అందుకే."

"సదువుకున్నోళ్ల మాటలే వేరు" అని నవ్వి, సీసా నింపి ఇచ్చింది.

ఆమె చుట్టూ కోళ్లు నింపాదిగా తిరుగుతున్నాయి. ఎర్రటి డేగ పుంజు, నల్లటి కాకి పెట్ట, చుక్కల పర్ల. ఒక్కదానికీ జ్వరం లేదు, తూగు లేదు. నేల మునిగిన ఏడు వాళ్ల మామ్మ పడవలో తెచ్చిన గంపల్లోంచే ఇవన్నీ వచ్చాయి. ఊళ్లో ఏ తెప్ప మీద కోడి కూసినా అది నూకరత్నం కోళ్లకి మనవరాలో మునిమనవరాలో అవుతుంది.

ముంచక ముందు నీళ్లు వేసిన ప్లేటు కూడా వెలిగింది. కత్తి మీద, చేతుల మీద, కోడి ఈక మీద, అంతటా ఉంది ఆ వెలుగు. అది కమ్మేస్తే కింద ఇంకేం మొలిచినా కనపడదు. అది లేని చుక్క నీళ్లు ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో తెలియడం లేదు.

నమోదు 3. పుబ్బ కార్తె

పెద్ద సరంగు త్రిమూర్తులు గారు వచ్చారు. ఊరిని ఒడుపుగా లంగరు మీద నిలిపేది ఆయనే. ఆయన చెల్లెలికి కూడా ఇప్పుడు మోకాళ్ల దాకా స్పర్శ లేదు. గుమ్మంలోనే నిలబడి, ప్లేట్ల వెలుగులో తడిసిన నా గోడల్ని చూశారు.

"అమ్మా, జనం కోళ్ల వల్లేనంటన్నారు. మీరేమో అన్నీ మంచివేనని రాత్తన్నారు. ఏది నమ్మమంటారు?"

"మంచివని రాయడం మానేశానండీ."

"మరేం రాత్తన్నారు?"

"తెలియదని."

ఆయన ఒక ప్లేటు ఎత్తి చూసి, దించారు. 

"తెలీదన్న మాట ఊరికి చెప్పి నేను నిలబడలేనమ్మా. లంగరు పండగ నాటికి ఏ తెప్ప కోళ్లలో ఉందో చెప్పండి, వాటినే తీసేద్దాం. చెప్పలేకపోతే మొత్తం సంద్రంలో కలిపేత్తాం. మనుషుల కాళ్ల కంటే కోళ్లు ఎక్కువ కాదు గదండీ."

కాదు. కానీ కోడి ఒకసారి పోతే మళ్లీ రాదు. కొండ ఊళ్లవాళ్లు మాకు బియ్యం అమ్ముతారు, గుడ్డ అమ్ముతారు, ప్రాణమున్నది ఏదీ అమ్మరు. గోడ అవతల నూకరత్నం పెట్టల్ని పేరుపేరునా పిలుస్తూ గింజలు చల్లుతోంది. ఈ మాటలు ఆమెకి వినపడ్డాయా, లేదా?

నమోదు 4. పుబ్బ కార్తె, గాలి

ప్లేట్లలో మందులు మార్చి చూశాను. పాత పుస్తకాల్లో ఉన్న ప్రతి విరుగుడునీ అగార్‌లో కలిపాను, వెలుగుజీవిని అణిచి మిగతాదాన్ని పెరగనిస్తుందేమోనని. వెలుగుజీవి మందులన్నిటినీ తాగి, ఇంకా నున్నగా వెలిగింది. దాన్ని తయారుచేసినవాళ్లు అలాగే చేశారు మరి, దేనికీ చావకూడదని.

వేడి పెంచాను. వెలిగింది.

మంచం మీంచి విశ్వపతి అన్నారు: "దానికి వేళకి తిండి, వెచ్చటి గది, పక్క మీద బొగ్గుపొడి. నన్నూ ఓ ప్లేటులో పడుకోబెట్టకూడదూ?"

"మీరు వెలగరు."

"ఎలా తెలుసు? ఎప్పుడైనా నన్ను ఇంక్యుబేటర్లో పెట్టి చూశావా?"

మొద్దుదనం ఇప్పుడు తొడల దాకా వచ్చింది. నవ్వుతూనే, నాకు కనపడకుండా దుప్పటి కింద వేళ్లతో తొడ గిచ్చుకుని చూసుకుంటున్నారు. నాకు కనపడుతూనే ఉంది.

నమోదు 5. ఉత్తర కార్తె

మైక్రోస్కోపు కింద ముంచక ముందు నీళ్లు చూశాను. వెలుగుజీవులు పొట్టి బియ్యపుగింజల్లా గుంపులుగా పడి ఉన్నాయి. కదలవు. తయారుచేసేటప్పుడే వాటి తోకలు తీసేశారు, ఉన్నచోట ఉండి పనిచేయాలని. వాటి మధ్యలోంచి ఏదో సన్నటి మెలిక, సీసా బిరడా తీసే చువ్వలా గిరగిరా తిరుగుతూ వెళ్లిపోయింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. మరొకటి వెళ్లింది. పాత పుస్తకాల్లో దాని పేరు క్యాంపిలోబ్యాక్టర్. కోడి పేగులో దాని కాపురం, మనిషి కడుపు చెడగొట్టి, ఆనక కొందరి కాళ్ల నరాల్ని పడగొడుతుందని రాసి ఉంది. విశ్వపతికి చెబితే ఆ పేరు పలకలేక "మెలిక" అన్నారు.

చూడటం చాలదు. చచ్చినవి కూడా నీటి ఊపుకి కదలొచ్చు. నా కళ్లు కోరుకున్నదాన్నే చూసి ఉండొచ్చు. పెంచి చూపిస్తే తప్ప నాకే నమ్మకం కుదరదు, ఇంక ఊరికేం చెబుతాను? పెంచబోతేనేమో వెలుగు దాన్ని కప్పేస్తుంది.

సాయంత్రం నూకరత్నం తెప్ప మీద ఊరికే కూర్చున్నాను. ఆమె పిల్లలకోడిని గంప కింద మూసింది. తల్లి లోపలే ఉండిపోయింది. పిల్లలు మాత్రం ఒక్కొక్కటే గంప అల్లికలోంచి ముక్కు పెట్టి, మెడ పెట్టి, ఒళ్లు సన్నం చేసుకుని బయటికి వచ్చేస్తున్నాయి. అడ్డం ఉన్నది వాటికి అడ్డమే కానట్టు.

"ఇవి ఆగవొదినా. వాటికి బయట పనుంది" అంది నూకరత్నం.

నీళ్లు నీలం తిరుగుతున్నాయి.  నా తలలో ఏదో గంప అల్లిక లాంటిదే కదిలింది. సందు ఉన్నంత మాత్రాన చాలదు, దాటాలని ఈదేది కావాలి. తోక లేనివి ఈదలేవు. మెలిక ఈదుతుంది.

వెలుగుజీవి రాకముందు తాగునీళ్లు వడకట్టడానికి వాడిన పల్చటి పొరలు బీరువా అడుగున ఉండాలి.

నమోదు 6. ఉత్తర కార్తె

పొరలు దొరికాయి. కాగితం కంటే పల్చన, తెల్లగా, ఎవరో ఊపిరి ఆరబెట్టినట్టున్నాయి. వాటి సందులు కంటికి ఆనవు.

నల్లటి అగార్ మీద ఒక పొర పరిచి, పైన ముంచక ముందు నీళ్ల చుక్కలు వేసి, ఈదేవి కిందికి దిగేదాకా ఆగి, పైన మిగిలిన వెలుగుతో సహా పొర ఎత్తి పారేశాను. ప్లేట్లని గాజు డబ్బాలో పేర్చి, కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించాను. మంట తనకి కావలసిన గాలి తాగి, చిన్నదై, తనే ఆరిపోయింది. కోడి పేగులో గాలి పల్చగా ఉంటుంది. మెలికకి అదే అలవాటు.

రెండు రోజులాగి తీస్తే ప్లేటు చుట్టూ నీలం అంచు, గ్రహణం నాటి సూర్యుడిలా. చుక్కలు ఎక్కువ వేశాను. పొర మీంచి జారి, అంచు చుట్టూ తిరిగి వెలుగు కిందికి దిగింది. మధ్యలో నల్లగానే ఉంది. ఆ నలుపులో ఏదైనా ఉందో, ఉందని నేను అనుకుంటున్నానో తెలియలేదు.

చుక్కలు తగ్గించాలి. మధ్యలోనే వేయాలి. తడి అంచుకి చేరకముందే పొర ఎత్తేయాలి.

నమోదు 7. హస్త కార్తె

వచ్చాయి.

వెలుగు లేదు. నల్లటి అగార్ మీద బూడిదరంగు చుక్కలు, తామరాకు మీద మంచు బిందువుల్లా తడిగా, పల్చగా, పక్కవాటితో కలిసిపోతూ. ఇన్నేళ్లలో వెలగనిదాన్ని చూసి నాకు ఊపిరాడనంత సంతోషం కలగడం ఇదే. సూది మొనతో తీసి మైక్రోస్కోపు కింద చూశాను. మెలికలు, బతికి ఉన్నవి, ఈదుతున్నవి.

విశ్వపతి మంచం దగ్గరికి ప్లేటు తీసుకెళ్లాను. ఆయన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశారు.

"ఇంత ముద్దుగా ఉందేంటే, నా కాళ్లు పట్టుకున్నది?"

అప్పుడు ఏడుపొచ్చింది.

తర్వాత ఊళ్లో కోళ్లున్న ప్రతి తెప్ప మీదికీ కడిగిన నీళ్ల కోసం సీసాలు పంపాను. ఎవరి కోళ్లలో ఉందో తెలిస్తే వాటిని తీసేస్తారు, మిగిలినవి బతుకుతాయి. నూకరత్నంవి మిగలాలని మనసులో కోరుకున్నాను. ప్లేటు ముందు కూర్చుని ఏదైనా కోరుకోవడం తప్పని తెలిసీ కోరుకున్నాను.

నమోదు 8. హస్త కార్తె, మబ్బు

అన్ని తెప్పల కోళ్లలోనూ ఉంది.

నూకరత్నంకి ముందు నేనే చెప్పాలనుకున్నాను. ఆమె కోళ్ల రెట్ట ఎత్తుతోంది.

"నా వాటిలోనా?"

"నీ వాటిలోనూ ఉంది. అందరివాటిలోనూ ఉంది."

"బానే తిరుగుతున్నాయి కదొదినా."

"వాటికి అది చుట్టం. మనకే పడదు."

ఆమె చేటను కింద పెట్టింది. "అయితే చెప్పకు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకొదినా, నీకు దండం పెడతాను. చెప్తే ఒక్కటి మిగల్చరు. మా మామ్మ తన బట్టల మూట వదిలేసి ఈటిని ఎక్కించుకుంది పడవలోకి. నువ్వేమో పల్చటి కాగితం అడ్డం పెట్టి, సంద్రంలో పొయ్యమంటావా?"

ఇంటికొచ్చి ప్లేట్ల ముందు కూర్చున్నాను. పొర చిరిగి ఉంటే? కత్తి నుంచి అంటుకుని ఉంటే? ఒకే సూది అన్నిటికీ వాడానా? నా అనుమానాలు నాకు ఎప్పుడూ బరువే. ఇవాళ మాత్రం అవి మెత్తటి పరుపులా ఉన్నాయి. "ఇంకా నిర్ధారణ కాలేదు" అని రాసి వాటి మీద పడుకోవచ్చు. పండగ దాకా పడుకోవచ్చు. ఈలోగా ఎవరి కాళ్లో పడిపోతాయి, అంతే.

మళ్లీ మొదటినుంచి చేశాను, వేరే సూదులతో, వేరే పొరలతో. ఈసారి ఒక్కో కోడి నీళ్లలో కొంత భాగం చిన్న గాజు గొట్టంలో పోసి, కొవ్వొత్తి మంట మీద మరిగించి, దాన్నీ పక్క ప్లేటు మీద వేశాను.

నమోదు 9. చిత్త కార్తె

పచ్చి నీళ్లు వేసిన ప్లేట్ల మీద మళ్లీ బూడిద చుక్కలు. మరిగించిన నీళ్ల ప్లేట్ల మీద ఏమీ మొలవలేదు.

తాళ్ల చావిట్లో ఊరంతా కూర్చుంది. ఉన్నదంతా చెప్పాను. 

సరంగు గారు తల వంచుకున్నారు. "అయితే అన్నిటినీ తీసెయ్యాల్సిందేనన్న మాట."

"అక్కర్లేదండీ. ముక్క లోపలిదాకా ఉడికితే అది బతకదు. పచ్చిది ముట్టుకున్న కత్తి, గిన్నె వేరేగా పెట్టుకోవాలి. కూర వండుకుని తింటే చాలు."

"వండటమా? దేంతో?"

"నిప్పుతో."

 పడమటి వరస మంటల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. వెనకనుంచి ఒకావిడ అంది: "వెలుగు కూరని కాలుత్తారంట! కాలిత్తే ఇంక అందులో ఏం మిగుల్తాది, బూడిదా?" కొందరు నవ్వారు. ఆ నవ్వులో భయం ఉంది.

"తెప్ప మీద నిప్పు నేనుండగా జరగదమ్మా" అన్నారు సరంగు గారు. గొంతులో కోపం లేదు. "రేపు పొద్దున్న కోళ్లన్నీ చావిడి దగ్గరికి తెప్పించండి."

 నూకరత్నం చీర కొంగు బొడ్లో దోపుకుని అందరికంటే ముందు లేచి వెళ్లింది.

నమోదు 10. చిత్త కార్తె, మర్నాడు

తెల్లారుతూనే నూకరత్నం మా గుమ్మంలో నిలబడింది.

"కొవ్వొత్తి ఇయ్యి."

"తెప్ప మీద ముట్టించనివ్వరు వదినా."

"వరసలో ఉంటే కదా తెప్ప. వరసలోంచి వెళ్లిపోతాను. లంగరొక్కటి ఉంచి, మిగతా తాళ్లన్నీ విప్పేసి దూరంగా పోతాను. కాలితే నేను కాలతాను."

"ఇస్తే నిప్పు ముట్టించే నా అనుమతి తీసేస్తారు. మళ్లీ ప్లేట్లు పెట్టలేను."

"తీసేత్తారు. నా కోళ్లనీ తీసేత్తారు. ఏది పెద్దదో నువ్వే సెప్పు, సదువుకున్నావు కదా."

 కొవ్వొత్తీ అగ్గిపెట్టే చేతిలో పెట్టాను. సరిగ్గా చేశానా అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది, ఇంకా ఆగలేదు.

ఆమె తాళ్లు విప్పుతుంటే కిటికీలోంచి విశ్వపతి కేకలేశారు: "చెల్లెమ్మా, ఆ నడుం తాడు ఇప్పుడే ముట్టుకోకు! ముందు ముక్కు తాడు! ఆఁ, వదులు... వదులు... ఇప్పుడు గడ వెయ్యి!"

"మీరు పడుకోండన్నయ్యా, నాకు తెలుసు!"

"తెలిస్తే ఆ ముడి అలా ఏడవదు!"

తెప్ప వరసలోంచి విడిపోయింది. కోళ్లు గంపల మీదెక్కి, ఊరు వెనక్కి పోవడం చూస్తున్నాయి. లంగరు తాడు ఒక్కటే నీళ్లలో సాగుతూ పోయింది. దూరంగా ఆగాక ఆమె ఎండిన నాచు, కొబ్బరి పీచు కుప్ప వేసింది. ముందు పొగ వచ్చింది. తర్వాత ఎర్రటి ముద్ద ఒకటి లేచి నిలబడింది.

వరసలన్నీ అంచుల దాకా వచ్చి నిలబడ్డాయి. పిల్లలు పుట్టాక నిప్పుని చూడటం ఇదే మొదలు.  గాలి ఇటు తిరిగి, ఉల్లిపాయ వేగే వాసన నీళ్ల మీదుగా వచ్చింది. నా పక్కనున్న ముసలాయన కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి అలాగే ఉండిపోయాడు.

సరంగు గారు పడవ వేసుకుని బయల్దేరారు. నేనూ సీసాలతో ఎక్కాను. ఆయన వద్దనలేదు. తెప్ప దగ్గరికి చేరాక పడవలోనే నిలబడి మంటని, కుండని, ఊరికీ మంటకీ మధ్య ఉన్న నీళ్లని చూశారు. నూకరత్నం గరిటె పట్టుకుని, నేరం చేసినదానిలా కాకుండా కొట్లాటకి సిద్ధమైనదానిలా చూసింది.

"తాడు ఎంతుందమ్మా?" అన్నారాయన.

"నిప్పురవ్వ ఎగిరినా ఊరి మీద పడనంత."

ఆయన గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నారు. "పడమటి గాలి లేచిందంటే చాలదు. ఇంకో పది బారలు వదులు."

ఆమె వదిలింది.  ఆయన నా వైపు తిరిగారు: "మీ ప్లేటులో తేలేదాకా ఎవరూ తినకూడదు. కోళ్లని కూడా అప్పటిదాకా ముట్టుకోనివ్వను. సరేనా?"

"ఇంక నాకు నిప్పు పట్టుకునే అనుమతి ఉందా అండీ?"

"కొవ్వొత్తి ఆమె దగ్గరుంది కదా. అడిగి తెచ్చుకోండి."

కుండలోంచి ఒక ముక్క, అదే కోడి పచ్చి ముక్క ఒకటి, వేరువేరు సీసాల్లో తెచ్చుకున్నాను. నూకరత్నం మాత్రం ఎవరి మాటా వినకుండా ఊదుకుని ఊదుకుని తినేసింది. "నా కోడి, నా పొయ్యి" అంది.

నమోదు 11. చిత్త కార్తె

గాజు డబ్బా మూత తీశాను.

పచ్చి ముక్క ప్లేటు మీద బూడిద చుక్కలు నిండుగా ఉన్నాయి. అంటే పొర పనిచేసింది, గాలి సరిపోయింది, అగార్ బాగుంది. ఉడికిన ముక్క ప్లేటు మీద ఒక్క చుక్క లేదు. అదే ఉడికిన ముక్కని పొర లేకుండా వేసిన మూడో ప్లేటు తీశాను. దాని మీద వెలుగు కూడా లేదు. కిటికీ దగ్గర పెట్టి, ఇటు వంచి, అటు వంచి చూశాను. నల్లటి అగార్, నున్నగా, కొత్తగా, నేను పోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇంకెక్కడ అనుమానించాలో వెతుక్కున్నాను, దొరకలేదు.

బయటికి వచ్చాను. దూరాన తెప్ప మీద నూకరత్నం లేచి నిలబడింది, నా కోసమే చూస్తున్నట్టుంది. సరంగు గారు చావిడి మెట్ల మీద, వరసల్లో జనం. ప్లేటు పైకెత్తాను. అంత దూరం నుంచి ఆమెకి ఏం కనపడుతుంది?

"ఏమైందొదినా?" అని అరిచింది.

"ఏమీ లేదు!"

"ఏంటీ?"

"ఏమీ లేదు! ఒక్కటి కూడా లేదు!"

గాలికి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టింది. వెనక కిటికీలోంచి విశ్వపతి, మెట్ల మీంచి సరంగు గారు, ఆ తర్వాత వరస వరసంతా నాతో కలిసి అరిచింది, ఏమీ లేదని.